రీఫ్ అక్వేరియంలో ఎండు రాయి

ఎండు రాయి అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో అమర్చే, ప్రాణం లేని, గుల్లగా ఉండే సున్నపురాయి. దుకాణాల్లో దీన్ని డ్రై రాక్ అంటారు. సముద్రంలోంచి తడి ఆరకుండా, పట్టుకుని బతికే జీవులతో సహా తెచ్చే రాయి లైవ్ రాక్. రసాయనికంగా రెండూ కాల్షియం కార్బొనేటే. తేడా అంతా లోపల కాపురం ఉన్నవాళ్లది. లైవ్ రాక్‌లో బ్యాక్టీరియా, నాచు, స్పాంజీలు, పురుగులు, చిన్న పీతలు ముందే ఉంటాయి. ఎండు రాయి ఖాళీ ఇల్లు. దాన్ని కడిగి, లోపల మిగిలిపోయిన పాత సరుకును బయటికి లాగి, కొత్త బ్యాక్టీరియా కుదురుకునే దాకా ఉప్పునీటిలో ఉంచడాన్నే రాయి తయారీ అంటారు. మొత్తం 6 నుంచి 12 వారాల పని. ఇందులో చెయ్యి తడిపే పని రెండు మూడు రోజులే ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో, జగదల్‌పూర్‌కు దగ్గర్లో, ఒడిశా సరిహద్దు పక్కన ఉన్న నగర్‌నార్ నుంచి చూస్తే ఈ సంగతి విచిత్రంగా కనిపిస్తుంది. సముద్రం అక్కడికి ఎక్కడో ఉంది. విశాఖపట్నం తీరం చేరాలంటే తూర్పు కనుమలు దిగి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు రావాలి. అయితే అక్కడ సున్నపురాయికి, ఇనుముకి కొదవ లేదు. రీఫ్ అక్వేరియంలో ఈ రెండింటికీ పని ఉంది. అయినా ఆ చుట్టుపక్కల నేలమీద దొరికే ఏ రాయినీ నేరుగా అక్వేరియంలో పెట్టడానికి లేదు. ఎందుకు లేదో తెలిస్తే, ఎండు రాయిలో చూడాల్సింది ఏమిటో సగం తెలిసినట్టే.

లైవ్ రాక్ నుంచి ఎండు రాయికి

అక్వేరియంలో నీటిని శుభ్రపరిచే పనిని రాయికే అప్పగించవచ్చని ప్రపంచానికి చెప్పినవారు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆయన తన పద్ధతిని వివరించారు. సముద్రపు నీరు, సజీవమైన రాళ్లు, వెలుతురు, కొద్దిగా గాలి బుడగలు, అంతే. తర్వాతి దశాబ్దాల్లో జర్మనీ అభిరుచికారులు దానికి మలినాన్ని నురగగా తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్‌ను, బలమైన దీపాలను జోడించారు. ఆ ఏర్పాటుకు బెర్లిన్ పద్ధతి అని పేరు స్థిరపడింది. ఇప్పటి రీఫ్ అక్వేరియాల్లో ఎక్కువ భాగం దాని వారసులే.

ఆ పద్ధతి చిక్కల్లా అంత రాయిని పగడపు దిబ్బల మీద నుంచే ఊడబెరకాల్సి రావడం. ఫ్లోరిడా తీరంలో సహజ లైవ్ రాక్ సేకరణను 1990ల్లో దశలవారీగా ఆపేశారు. అంతర్జాతీయ వాణిజ్యంలో రాతి పగడాలన్నీ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధం కిందికి వస్తాయి. మన దేశంలో నిబంధన ఇంకా కఠినం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలను, నల్ల పగడాన్ని, నిప్పు పగడాన్ని, సముద్రపు విసనకర్రలను చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ వచ్చిందన్నమాట. మన్నార్ సింధుశాఖలోగానీ, అండమాన్‌లోగానీ, లక్షద్వీప్‌లోగానీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం కూడా ముచ్చట కాదు, నేరం. కాబట్టి భారతీయ అక్వేరియానికి ఎండు రాయి చవకబారు ప్రత్యామ్నాయం కాదు. చట్టం తెరిచి ఉంచిన దారి అదే.

తెలుగు తీరంలో ఈ ప్రశ్న అంతగా రాదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రు కలిసే ఆ కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు పెరగవు. మన ఉంగరాల్లో పెట్టుకునే ఎర్ర పగడం కూడా ఈ దిబ్బల పగడం కాదు. అది ప్రధానంగా మధ్యధరా సముద్రంలో, లోతైన, మసక వెలుతురు చోట్ల పెరిగే వేరే జాతి. కుజ దోషానికి దానితో పని ఉందేమోగానీ అక్వేరియానికి లేదు.

బస్తర్ సున్నపురాయి

జగదల్‌పూర్ చుట్టూ విస్తరించిన ఇంద్రావతి శిలా హరివాణం భూగర్భ శాస్త్రంలో ప్రొటిరోజోయిక్ కాలానిది. అంటే 54 కోట్ల ఏళ్లకు మించిన వయసు. ఇసుకరాయి, పలకరాయి, సున్నపురాయి పొరలు పొరలుగా పేరుకున్న సముద్రగర్భం అది. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ, కైలాస్ గుహ ఆ సున్నపురాయిని నీరు తొలిచి చేసినవే. కాబట్టి బస్తర్ రాయి సముద్రపు రాయే. కానీ ఇప్పటి దిబ్బలు కట్టే రాతి పగడాల వంశం మొదలైంది సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట. ఇంద్రావతి సున్నం పేరుకున్న సముద్రంలో పగడం లేదు, చేప లేదు, గవ్వ లేదు. ఉన్నవి సూక్ష్మజీవుల చాపలు. అవి పట్టి ఉంచిన సున్నపు బురద గట్టిపడి, పైన పేరుకున్న పొరల భారానికి నొక్కుకుపోయి, సన్నని రేణువుల రాయి అయింది. లోపల ఖాళీ మిగల్లేదు.

దీని పోలిక తెలుగువాళ్లకు కాలి కింద తెలిసినదే. బేతంచెర్ల, తాండూరు, షాబాద్ నాపరాళ్లు కూడా ఆ పాత యుగాల సున్నపురాళ్లే. వేసవి మధ్యాహ్నం చాపైనా పరచకుండా వాటి మీద పడుకుంటే వచ్చే చల్లదనం రాయి దిట్టంగా ఉండటం వల్ల వచ్చేదే. అక్వేరియానికి మాత్రం ఆ దిట్టతనమే లోపం.

పరీక్ష చాలా సులువు. రాయిని ఎండబెట్టి తూకం వేసి, రాత్రంతా నీళ్లలో ఉంచి, ఉపరితలం తుడిచి మళ్లీ తూయాలి. ఒక శాతం ఖాళీ ఉన్న నాపరాయి కిలోకు 4 గ్రాములకు మించి నీరు తాగదు. పరిమాణంలో 40 శాతం ఖాళీ ఉన్న పగడపు రాయి కిలోకు 225 గ్రాముల దాకా పట్టగలదు. ఈ రెండు అంకెల మధ్య దూరమే అక్వేరియం రాయి విలువ. బ్యాక్టీరియా ఉండేది ఉపరితలం మీద. ఆ ఉపరితలం ఎక్కువగా ఉండేది లోపలి సందుల్లో. పైపొర సందుల్లో ఆక్సిజన్ అంది, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పనిచేస్తాయి. ఇంకా లోపల, ఆక్సిజన్ చేరని సందుల్లో నైట్రేట్‌ను నత్రజని వాయువుగా విడగొట్టే బ్యాక్టీరియా ఉంటాయి. నాపరాయిలో ఆ రెండో అంతస్తు ఉండదు.

కాంగేర్ లోయ 1982 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడి రాయిని, ముఖ్యంగా గుహల్లో వేలాడే సున్నపు ఊడల్ని ముట్టుకోవడానికి కూడా వీల్లేదు. కుటుంసర్ చీకట్లో చూపు సన్నగిల్లిన, రంగు వెలిసిన చేపలు ఉన్నాయి. అక్వేరియం పేరు చెప్పి అటువైపు చూడకపోవడమే మంచిది.

ఇక నగర్‌నార్‌లో కంటికి ఇంపుగా కనపడి మోసం చేసే వస్తువు ఇంకొకటుంది, చిట్టెం, అంటే స్లాగ్. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో అక్కడ కట్టిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. దాన్ని నిర్మించిన ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ ఉన్న ప్రతి ఊళ్లోనూ చిట్టెం ఉంటుంది. బుడగలు పట్టి చల్లారిన చిట్టెం గడ్డ అచ్చం పగడపు రాయిలా గుల్లగుల్లగా ఉంటుంది, తేలిగ్గానూ ఉంటుంది. అందులో గంధకపు లవణాలు, మిగిలిపోయిన సున్నం, రకరకాల లోహాలు ఉంటాయి. నీటిలో వేస్తే పీహెచ్ ఎగబాకుతుంది. బస్తర్ పీఠభూమి మీది ఎర్రని లాటరైట్‌కు కూడా గుల్లతనం ఉంది. అయితే అందులో సున్నం లేదు, ఇనుము, అల్యూమినియం ఉన్నాయి. రెండూ పనికిరావు.

పనికొచ్చే రాళ్లు

ఎండు రాయిగా అమ్మేవి మూడు రకాలు. నేలమీది పాత దిబ్బల నుంచి తవ్వి తీసినవి మొదటివి. సముద్రమట్టం ఎత్తుగా ఉన్న కాలంలో పెరిగి ఇప్పుడు ఒడ్డున మిగిలిపోయిన దిబ్బలు ఫ్లోరిడా లాంటి చోట్ల గనుల్లో దొరుకుతాయి. వాటిలో వేల ఏళ్లుగా సేంద్రియ పదార్థం లేదు కాబట్టి శుభ్రం చేయడం తేలిక. రెండో రకం, ఒకప్పుడు లైవ్ రాక్‌గా ఉండి ఎండిపోయినది. మూసేసిన అక్వేరియాల నుంచి చేతులు మారేది ఎక్కువగా ఇదే. దీని లోపల చచ్చిన స్పాంజీలు, పురుగులు ఎండుచేపల్లా అంటుకుని ఉంటాయి. పాత యజమాని చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే రాయి ఆ రాగిని పీల్చుకుని ఉండొచ్చు. రాగి చేపకు మందు, రొయ్యకూ నత్తకూ పగడానికీ విషం. చరిత్ర తెలియని పాత రాయిని చవగ్గా వచ్చిందని కొనడం కంటే కొనకపోవడం లాభం. మూడో రకం మనుషులు చేసినవి. పింగాణీలా కాల్చినవి, లేదా సిమెంటులో పగడపు ఇసుక, గవ్వల గుల్ల కలిపి పోసినవి.

సిమెంటు రాయి ఇంట్లోనూ పోసుకోవచ్చు. పోర్ట్‌లాండ్ సిమెంటు ఒక వంతు, నలగ్గొట్టిన ఆల్చిప్పల గుల్ల మూడు నాలుగు వంతులు, మధ్యలో గల్లుప్పు. గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి అది ఉన్నచోట రంధ్రాలు మిగులుతాయి. గుల్లసున్నం కాల్చే ఊళ్లలో ఆల్చిప్పల పెంకు ఎప్పటి నుంచో సరుకే, కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. తాజా సిమెంటు నీటి పీహెచ్‌ను 12 దాకా తీసుకెళుతుంది. రోజు విడిచి రోజు నీరు మారుస్తూ నెలా రెండు నెలలు నానబెట్టాక, ఒక రోజంతా కదపని నీటిలో పీహెచ్ 8.5 దాటకపోతేనే పని అయినట్టు.

రాయి సున్నపురాయేనా అని తేల్చుకోవడానికి నాలుగు చుక్కల వెనిగర్ చాలు. నిమ్మరసమైనా సరే. చుక్క పడ్డచోట చెవి దగ్గర పెట్టుకుంటే పప్పు పొంగుకొచ్చే ముందు వినిపించే చిటపట లాంటి చప్పుడు వస్తుంది. అది వెళ్లిపోతున్న బొగ్గుపులుసు వాయువు. డోలమైట్ అయితే చల్లని పలచటి ఆమ్లానికి దాదాపు నోరు మెదపదు. గీరి పొడి చేస్తేనే నెమ్మదిగా నురగ కడుతుంది. నల్లని, బంగారు రంగు మెరుపు గీతలున్న రాయిని పక్కన పెట్టాలి.

సున్నపురాయి ఉంటే నీటి పీహెచ్ దానంతట అదే నిలబడుతుందన్న నమ్మకం విరివిగా ఉంది. మంచినీటి తొట్టిలో అది కొంత నిజం. సముద్రపు నీటిలో కాదు. ఆ నీటిలో కాల్షియం కార్బొనేట్ ముందే పట్టినంత మేర, అంతకు మించి కరిగి ఉంటుంది. పీహెచ్ 8 పైన ఉన్నంతసేపు రాయి కరగదు, ఏ సాయమూ చేయదు. పగడాలకు కావలసిన క్షారత్వాన్ని, కాల్షియాన్ని విడిగా పోయాల్సిందే.

కడగడం

ముందు పొడిగా. గట్టి కుచ్చుల బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాత వాటర్ జెట్‌తో సందులు కడిగితే వదులుగా ఉన్నదంతా పోతుంది. ఎండిన నాచు పొరను, పురుగుల గొట్టాలను స్క్రూడ్రైవర్‌తో గీకెయ్యాలి.

రాయిని ఉడకబెట్టకూడదు. ఇది చాలామంది ఇళ్లలో సహజంగా తోచే ఆలోచన, అందుకే ఒకసారి ఆగి చెప్పాలి. జోయాంథిడ్లనే మెత్తటి పగడపు చుట్టాలు కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. వాటితో ఉన్న రాళ్లను మరిగించినప్పుడు ఆవిరితో పాటు విషం గాల్లో కలిసి కుటుంబాలు కుటుంబాలు ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాల్లో వైద్య పత్రికలకెక్కాయి. వేడికి ఆ విషం చావదు. పైగా మూసుకుపోయిన సందుల్లో నీరు ఆవిరై రాయి పగలొచ్చు.

సేంద్రియ పదార్థం ఉన్న రాయికి హైపోక్లోరైట్ స్నానం. దుకాణాల్లో దొరికే పలచటి సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని పది వంతుల నీటికి ఒక వంతు కలిపి రాయిని వారం ముంచాలి. ఈత కొలనులకు వాడే 10–12 శాతం ద్రావణమైతే అందులో సగం చాలు. బ్లీచింగ్ పౌడరు కూడా పనిచేస్తుందిగానీ అది సున్నంతో కలిసి ఉండటంతో సందుల్లో తెల్లటి మడ్డి వదులుతుంది, ద్రవమే మేలు. సువాసన, రంగు, నురగ కలిపిన ఇంటి క్లీనర్లు అసలు వాడకూడదు. మొదటి రోజు నీరు టీ రంగులోకి దిగుతుంది, పైన జిడ్డు తెట్టె కడుతుంది. వారం చివరికి నీరు తేటపడి రాయి ఎముకలా తెల్లబడితే పని జరిగినట్టే. తర్వాత రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి, కొద్దిగా సోడియం థయోసల్ఫేట్ కలిపి, క్లోరిన్ కిట్‌లో సున్నా వచ్చాక ఎండలో పెట్టాలి. హైపోక్లోరైట్ చివరికి మామూలు ఉప్పుగా మారిపోతుంది కాబట్టి పూర్తిగా ఎండిన రాయిలో భయపడాల్సినదేమీ మిగలదు. బస్తర్‌లో ఈ ఎండబెట్టే పనిని జూన్ లోపే ముగించుకోవాలి. వానాకాలంలో అక్కడ ఎండిన బట్టే అపురూపం.

ఆమ్ల స్నానం వేరే సంగతి. హైపోక్లోరైట్ లోపలి కుళ్లును తినేస్తే, ఆమ్లం రాయినే తింటుంది. ఫాస్ఫేట్ పట్టిన పైపొరను ఊడ్చెయ్యడానికి దాన్ని వాడతారు. మ్యూరియాటిక్ యాసిడ్ పేరుతో అమ్మే 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం లీటరులో అసలు ఆమ్లం సుమారు 380 గ్రాములు. అది లెక్కప్రకారం 520 గ్రాముల సున్నపురాయిని కరిగించేస్తుంది. అంటే 10 కిలోల రాయికి లీటరు యాసిడ్ వాడితే రాయిలో ఇరవయ్యో వంతు కాలవ పాలు. సన్నని కొమ్మలు, పల్చటి అరలు ముందు పోతాయి. కాబట్టి పది లీటర్ల నీటికి లీటరు మించకుండా, పది పదిహేను నిమిషాలు మాత్రమే ఉంచి, తీసి, వంటసోడా కలిపిన నీటిలో ముంచాలి. ఆరుబయట, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులతో చేయాల్సిన పని. యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. హైపోక్లోరైట్ వాసన ఇంకా వస్తున్న రాయిని యాసిడ్ బకెట్‌లో వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములో అది ప్రాణాంతకం. రెండు స్నానాల మధ్య కనీసం ఒక పూర్తి రోజు ఎండ ఉండాలి.

గనిలో తవ్విన శుభ్రమైన రాయికి ఈ రెండూ అక్కర్లేదు. ఏ రాయి తెచ్చినా అలవాటుగా యాసిడ్‌లో ముంచేవాళ్లున్నారు. కడిగామన్న తృప్తి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

భాస్వరం

ఎండు రాయిలో అసలు తలనొప్పి కంటికి కనపడనిది. కాల్షియం కార్బొనేట్‌కు ఫాస్ఫేట్ అంటే మహా ఇష్టం. ఉప్పునీటిలో ఫాస్ఫేట్ ఎక్కువైతే రాయి దాన్ని పీల్చుకుంటుంది. నీటిలో తగ్గితే తిరిగి వదులుతుంది. తెల్లగా, వాసన లేకుండా మెరిసే రాయి కూడా నెలల తరబడి ఫాస్ఫేట్ కారుస్తూనే ఉండగలదు. అక్వేరియంలో అది వెంట్రుకల్లాంటి ఆకుపచ్చ నాచుకు ఎరువు, రాతి పగడాల అస్థిపంజరానికి అడ్డంకి.

ఉక్కు ఊళ్లో ఈ మాటలు చెబితే వింతగా ఉండదు. భాస్వరం ఎక్కువైన ఉక్కు చలికి పెళుసుబారుతుంది. అందుకే కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదేటప్పుడు కాల్చిన సున్నం వేస్తారు. భాస్వరం సున్నంతో కలిసి చిట్టెంలోకి పోతుంది. 1,600 డిగ్రీల దగ్గర జరిగే ఆ పనికి, 26 డిగ్రీల నీటిలో రాయి ఫాస్ఫేట్‌ను పట్టుకోవడానికి మధ్య వేడిలో పోలిక లేకపోవచ్చుగానీ, సున్నానికి భాస్వరం మీదున్న మక్కువ ఒక్కటే. తేడా ఏమిటంటే కర్మాగారంలో చిట్టెం తీసి పారేస్తారు. అక్వేరియంలో చిట్టెమే అలంకారం.

బయటికి లాగడమెలా? రాయిని మూత ఉన్న డ్రమ్ములో, ఉప్పునీటిలో పెట్టి, పంపుతో నీరు తిప్పుతూ వారానికోసారి ఫాస్ఫేట్ కొలవాలి. పరీక్ష గొట్టంలో మందు కలిపాక నీరు ఎంత నీలంగా తిరిగితే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. పాత రాయి వేసిన డ్రమ్ములో మొదటి వారాల్లో నీలిమందు వేసిన బట్టల బకెట్ రంగు కనపడటం మామూలే. నీరంతా పారబోసి కొత్తది పోస్తే అంకె పడిపోతుంది, మూడు రోజుల్లో మళ్లీ లేస్తుంది. రాయి లోపలిది బయటికి వస్తోందన్నమాట. ఇలా నాలుగైదుసార్లు మార్చాక లేవడం మందగిస్తుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా వారం నిలబడితే చాలు. సున్నా కోసం వెంటాడకూడదు. ఫాస్ఫేట్ బొత్తిగా లేని అక్వేరియంలో పగడాలు వెలిసిపోతాయి, మంచి నాచు బదులు డైనోఫ్లాజెల్లేట్ల జిగురు పడుతుంది.

వేగం కావాలంటే లాంథనం క్లోరైడ్ ఉంది. ఒక గ్రాము ఫాస్ఫేట్‌ను గడ్డకట్టించడానికి లెక్కప్రకారం 2.6 గ్రాముల నిర్జల లాంథనం క్లోరైడ్ కావాలి. చేపలున్న తొట్టిలో దీన్ని వాడటం ప్రమాదం, ఖాళీ డ్రమ్ములో చుక్కచుక్కగా వేసి, తెల్లటి మడ్డిని సన్నని ఫిల్టర్ సంచిలో పట్టుకోవచ్చు. రెండోది ఇనుము. గుళికలుగా చేసిన ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌ను గొట్టంలో నింపి నీరు పారిస్తే ఫాస్ఫేట్ దాని మీద అతుక్కుంటుంది. నగర్‌నార్‌కు ఖనిజం వచ్చేది బైలాడిలా కొండల నుంచి. అది హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడే. దగ్గరి చుట్టమే అయినా గట్టి హెమటైట్‌కు ఆ గుళికలకున్న ఉపరితలం లేదు. ఖనిజపు రాయి సంచిలో వేసి వేలాడదీస్తే దుమ్ము తప్ప మిగిలేదేం లేదు.

నీరు, ఉప్పు, నవసాగరం

డ్రమ్ములోని నీరు ఆర్‌ఓ దాటి, డీఅయనైజింగ్ గొట్టం కూడా దాటిన నీరై ఉండాలి. టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. సున్నపురాతి నేలల్లో బోరు నీరు కఠినంగా ఉంటుంది, ఇంటి ఆర్‌ఓ ఒక్కటే దాన్ని పూర్తిగా దించలేదు. వంద లీటర్లకు సముద్రపు ఉప్పు మిశ్రమం మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది. సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. కొలిచేది రిఫ్రాక్టోమీటర్. గల్లుప్పుతో పని జరగదు. ఉప్పు మళ్లలో సోడియం క్లోరైడ్ గడ్డకట్టి మెగ్నీషియం, పొటాషియం తల్లినీళ్లలోనే ఉండిపోతాయి కాబట్టి అది సముద్రపు ఉప్పు అయినా సముద్రం కాదు.

ఇప్పుడు ఇంటికి జనం రావాలి. బ్యాక్టీరియా సీసాల్లో దొరుకుతుంది. వాటికి తిండి అమ్మోనియా. కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడే ఇక్కడి తిండి కూడా. కాకపోతే బజారు నవసాగరంలో లోహాల మలినం ఉండొచ్చు, ప్రయోగశాల రకం కొనాలి. 100 లీటర్ల నీటికి 0.63 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా అవుతుంది. ఒక చిటికెడు. అంతకు రెట్టింపు వేస్తే రెట్టింపు వేగంగా జరగదు, ఇంకా నెమ్మదించవచ్చు.

మొదటి పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత అమ్మోనియా పడిపోయి నైట్రైట్ లేస్తుంది, ఆపైన నైట్రైట్ పడిపోయి నైట్రేట్ లేస్తుంది. ఈ రెండో మెట్టును నైట్రోబ్యాక్టర్ ఎక్కిస్తుందని చాలాకాలం పుస్తకాలు రాశాయి. అక్వేరియాల్లో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తుందని 1990ల్లో తేలింది. వేసిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయితే రాయి సిద్ధం. దీనికి 3 నుంచి 6 వారాలు. బస్తర్ చలికాలపు రాత్రుల్లో హీటరు లేకపోతే ఇంకా ఎక్కువ. మే నెలలో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నం డ్రమ్మును వరండా ఎండలో వదిలినా నష్టమే. కరెంటు పోయి పంపు చాలాసేపు ఆగితే ఆక్సిజన్ అడుగంటుతుంది. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే రాయి లోపల ఇంకా చచ్చిన సరుకు ఉందని అర్థం. ఆ రాయి తిరిగి హైపోక్లోరైట్‌కు వెళ్లాలి. ఇదంతా చీకట్లోనే జరగాలి. వెలుతురు తగిలితే బ్యాక్టీరియా కంటే ముందు నాచు కాపురం పెడుతుంది.

అమరిక

లీటరుకు 120 నుంచి 180 గ్రాముల రాయి అన్నది పాత లెక్క. బాగా గుల్లగా ఉన్న రాయికి అంత అవసరం లేదు. రాళ్లను ఇసుక మీద కాకుండా అద్దం మీదే కూర్చోబెట్టి తర్వాత ఇసుక పోయాలి, లేకపోతే గోబీలు, రొయ్యలు కింద తవ్వి గుట్ట కూలుస్తాయి. గోడకు ఆనించి గుట్టగా పేర్చడం కంటే, వెనక చెయ్యి దూరేంత సందు వదిలి, రెండు మూడు స్తంభాలుగా అమరిస్తే నీరు తిరుగుతుంది. ఎండు రాయికున్న గొప్ప సౌకర్యం ఇదే. ప్రాణం పోతుందన్న తొందర లేదు కాబట్టి భోజనాల బల్ల మీద వారం రోజులు పేర్చి, కూల్చి, మళ్లీ పేర్చుకోవచ్చు. అతికించడానికి జెల్ సూపర్‌గ్లూ, ఎపాక్సీ పుట్టీ. పెద్ద అతుకులకు డ్రిల్ చేసి ఫైబర్ గ్లాస్ పుల్ల దూర్చాలి. ఇనుప మేకు వద్దు, ఇత్తడి అసలే వద్దు, అందులో రాగి ఉంది.

తొట్టిలో పెట్టాక

కొత్త రాయి మీద ముందుగా గోధుమరంగు డయాటం పొర పడుతుంది, తర్వాత ఎర్రటి సయానోబ్యాక్టీరియా, ఆపైన ఆకుపచ్చ నాచు. రెండో నెల నుంచి ఆరో నెల దాకా నడిచే ఈ దశను అక్వేరియం వాళ్లు నిర్మొహమాటంగా వికారపు దశ అంటారు. లైవ్ రాక్‌తో మొదలుపెట్టిన తొట్టిలో ఇది తక్కువ. ఖాళీగా ఉన్న చోటును ఆక్రమించడానికి అక్కడ ముందే పోటీదారులున్నారు కాబట్టి. అందుకు బదులుగా ఎండు రాయి వెంట అయిప్టేసియా అనే గాజు అనిమోన్, నత్తల్ని పగలగొట్టే మాంటిస్ రొయ్య లాంటి పిలవని అతిథులు రావు. నిలకడగా ఉన్న మరో తొట్టి నుంచి గుప్పెడు ఇసుకగానీ, చట్టబద్ధంగా పెంచిన చిన్న రాతిముక్కగానీ తెచ్చి వేస్తే వైవిధ్యం వస్తుంది. సంప్రదాయంగా మొదట వేసే చేప క్లౌన్. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) కేంద్రాలు దాన్ని తొట్లలోనే పొదిగించే పద్ధతి సాధించాయి కాబట్టి దిబ్బ మీద నుంచి పట్టిన చేపను కొనాల్సిన అవసరం లేదు.

నాలుగో నెలలోనో అయిదో నెలలోనో పంపు మూత మీద, అద్దం మూలన, ఆఖరికి రాయి నీడ వైపున ఆవగింజంత గులాబీ చుక్క కనపడుతుంది. అది కోరలైన్ నాచు, సున్నం పట్టే ఎర్ర నాచు. దాని సిద్ధబీజాలు నత్త గుల్లల మీద, పగడపు ముక్కల మీద ఎక్కి వస్తాయి. ఏడాదికి రాయి తెలుపు మరుగున పడుతుంది. అప్పటి నుంచి అది లైవ్ రాకే. చేపలకు వేసిన ప్రతి చిటికెడు తిండిలోని భాస్వరం కొంత దానిలోకి చేరుతూ ఉంటుంది. ఏ బదిలీ వల్లో తొట్టి ఎత్తేసి, రాయిని ఎండబెట్టి అటక మీద పెట్టి, రెండేళ్ల తర్వాత దించితే అది కొన్ననాటి రాయి కాదు. కొన్ననాటి కంటే ఎక్కువ ఫాస్ఫేట్‌తో, మళ్లీ హైపోక్లోరైట్ బకెట్ దగ్గర మొదలవుతుంది.